ముత్యపుచిప్ప మేఘాలు

మేఘం అనగానే మన మనస్సులో మొదట మెదిలేది వాన. రైతు మేఘాన్ని చూచి నాగలి సవరించుకుంటాడు. కవి మేఘాన్ని చూచి పదాలు కూర్చుకుంటాడు. జలదం, జలధరం, పయోదం అని మన భాషలో మేఘానికి ఉన్న పేర్లన్నీ దాని దాతృత్వాన్నే చాటుతాయి. అయితే ఒక్క చినుకైనా కురియని మేఘాలు కూడ ఈ భూమిమీద ఉన్నాయి. అవి మన తలలపై కనబడవు. భూగోళపు రెండు కొసలలో, నెలల తరబడి సూర్యుడు ఉదయించని ధ్రువ ప్రాంతాలలో, నేలకు సుమారు 15 నుంచి 25 కిలోమీటర్ల ఎత్తున అవి ఏర్పడతాయి. సూర్యుడు దిగంతానికి దిగువన ఉన్న వేళ, కింద నేలంతా చీకటిలో మునిగి ఉండగా, ఆ ఎత్తున ఉన్న మేఘాలపై మాత్రం కిరణాలు పడతాయి. అప్పుడు అవి గులాబి, ఆకుపచ్చ, నీలి వర్ణాలతో ముత్యపుచిప్ప లోపలి భాగంలా తళతళలాడుతాయి. నార్వే మొదలైన ఉత్తర దేశాల ప్రజలు పందొమ్మిదో శతాబ్దం నాటికే వీటిని చూచి, ముత్యపుచిప్ప మేఘాలని పిలిచారు.

చూపులకు ఇంత సుందరమైన ఈ మేఘాలలోనే ఇరవయ్యో శతాబ్దపు పెద్ద విపత్తులలో ఒకదానికి రహస్యం దాగి ఉన్నదని చాలాకాలం ఎవరూ ఊహించలేదు. భూమిమీది జీవరాశిని కాపాడే ఓజోన్ కవచానికి అంటార్కిటికాపై ఏర్పడిన పెద్ద గండికి ఈ మేఘాలలోని మంచు రేణువులే వేదికలయ్యాయి. ఆ రహస్యం ఎట్లా బయటపడింది, ఆ మంచు రేణువులపై జరిగే చర్య ఏమిటి, మానవజాతి దానిని ఎట్లా ఎదుర్కొన్నది అనే విషయాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఓజోన్ కవచం

భూమిని చుట్టి ఉన్న వాయుగోళాన్ని శాస్త్రజ్ఞులు కొన్ని ఆవరణాలుగా విభజించారు. మనం నివసించేది, గాలివానలు సంభవించేది ట్రోపో ఆవరణం. దానికి పైన సుమారు 50 కిలోమీటర్ల ఎత్తువరకు వ్యాపించి ఉన్నది స్ట్రాటో ఆవరణం. మనం పీల్చే ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులు ఉంటాయి. స్ట్రాటో ఆవరణంలో తీక్షణమైన సూర్యకిరణాలు ఆ అణువును రెండుగా చీలుస్తాయి. విడివడిన పరమాణువు మరొక ఆక్సిజన్ అణువుతో కలిస్తే మూడు పరమాణువుల ఓజోన్ ఏర్పడుతుంది. ఈ ప్రక్రియను 1930లో సిడ్నీ చాప్‌మన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వివరించాడు.

ఓజోన్ పరిమాణంలో అత్యల్పం. ఒకచోట నేలనుంచి ఆకాశం చివరివరకు ఉన్న ఓజోన్‌నంతటినీ కిందికి దించి, భూతలంపై ఉండే పీడనంవద్ద, సున్నా డిగ్రీల ఉష్ణోగ్రతవద్ద పరచినట్లయితే, ఆ పొర మందం సుమారు మూడు మిల్లీమీటర్లు మాత్రమే. ఓజోన్‌ను కొలిచే పరికరాన్ని రూపొందించిన డాబ్సన్ పేరుమీదుగా ఆ మూడు మిల్లీమీటర్లను 300 డాబ్సన్ యూనిట్లు అంటారు. ఇంత పలుచని పొరే సూర్యునినుంచి వచ్చే హానికరమైన అతినీలలోహిత కిరణాలలో అధికభాగాన్ని అడ్డుకొంటున్నది. అది లేకపోతే చర్మ కాన్సర్లు, కంటిలో శుక్లాలు పెరుగుతాయి. పంటలు దెబ్బతింటాయి. సముద్రపు ఆహార శృంఖలకు ఆధారమైన సూక్ష్మ వృక్షజాలం క్షీణిస్తుంది. మూడు మిల్లీమీటర్ల మందంపై ముల్లోకాల క్షేమం ఆధారపడి ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

నివురుగప్పిన నిప్పు

1928లో అమెరికాలో శీతలీకరణ యంత్రాల కోసం కొత్తరకం రసాయనాలను రూపొందించారు. అవే క్లోరోఫ్లోరోకార్బన్‌లు. వీటికి వాసన లేదు, విషం లేదు, మండే గుణం లేదు. అంతకుముందు రిఫ్రిజిరేటర్లలో వాడిన అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్ వంటి వాయువులు కారితే ప్రాణాపాయం కలిగేది. ఆ భయం తొలగించిన ఈ పదార్థాలను లోకం వరంగానే భావించింది. రిఫ్రిజిరేటర్లలో, ఎయిర్ కండిషనర్లలో, పరిమళద్రవ్యాలు చిమ్మే డబ్బాలలో, నురుగు పరుపుల తయారీలో అవి విరివిగా చోటుచేసుకున్నాయి.

దేనితోనూ చర్య జరపకపోవడం వాటి గుణం. ఆ గుణమే దోషమైంది. వానలో కరగక, నేలలో ఇంకక, అవి యాభై నుంచి వంద సంవత్సరాలపాటు వాయుగోళంలో నిలిచి ఉంటాయి. 1971లో జేమ్స్ లవ్‌లాక్ తాను తయారుచేసిన సున్నితమైన పరికరంతో నౌకలో ప్రయాణిస్తూ, జనసంచారం లేని దక్షిణ సముద్రాలపై గాలిలో సైతం ఈ వాయువు ఉన్నట్లు గుర్తించడం ప్రారంభించాడు. మరి ఇవి చివరికి ఏమవుతాయి? ఈ ప్రశ్న వేసుకున్నవారు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మారియో మొలీనా, షెర్వుడ్ రోలండ్. స్ట్రాటో ఆవరణం చేరిన ఈ అణువులను అతినీలలోహిత కిరణాలు ఛేదిస్తాయనీ, అప్పుడు వెలువడే క్లోరిన్ పరమాణువు ఓజోన్‌ను నాశనం చేస్తుందనీ 1974లో వారు ప్రకటించారు.

క్లోరిన్ పరమాణువు ఓజోన్‌నుంచి ఒక ఆక్సిజన్ పరమాణువును లాక్కొని క్లోరిన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. ఆ మోనాక్సైడ్ విడి ఆక్సిజన్ పరమాణువును కలిసినప్పుడు తన వద్ద ఉన్నదానిని దానికి అప్పగించి, తిరిగి క్లోరిన్‌గా నిలుస్తుంది. చర్యలో పాల్గొని కూడ తాను ఖర్చు కాకపోవడం ఉత్ప్రేరక లక్షణం. కనుక ఒకే ఒక క్లోరిన్ పరమాణువు వేలాది ఓజోన్ అణువులను నాశనం చేయగలదు.

అయితే ప్రకృతి ఈ క్లోరిన్‌కు కొంతవరకు కళ్లెం వేసింది. క్లోరిన్ పరమాణువు మీథేన్‌తో చర్య జరిపి హైడ్రోజన్ క్లోరైడ్‌గా మారుతుంది. క్లోరిన్ మోనాక్సైడ్ నైట్రోజన్ డయాక్సైడ్‌తో కలసి క్లోరిన్ నైట్రేట్‌గా మారుతుంది. ఈ రెండు రూపాలలో ఉన్నంతకాలం క్లోరిన్ ఓజోన్ జోలికి పోదు. స్ట్రాటో ఆవరణంలోని క్లోరిన్‌లో అత్యధిక భాగం ఈ రెండు గిడ్డంగులలోనే బందీగా ఉంటుంది. అందుచేత ఓజోన్ నష్టం నెమ్మదిగా, 40 కిలోమీటర్ల ప్రాంతంలో, దశాబ్దాల వ్యవధిలో జరుగుతుందని ఆనాటి లెక్కలు తెలిపాయి. ఆ బందీ క్లోరిన్ నివురుగప్పిన నిప్పు అని, ఆ నివురును ఊదివేసే గాలి వేరొకచోట ఉన్నదని అప్పటికి ఎవరూ గ్రహించలేదు.

హేలీ బే హెచ్చరిక

అంటార్కిటికాలోని హేలీ బేలో బ్రిటిష్ వారు 1956లో ఒక పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పారు. అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా అక్కడ డాబ్సన్ పరికరంతో ఓజోన్‌ను కొలవడం ప్రారంభమైంది. ఏటేటా అవే కొలతలు, అవే పట్టికలు. ఇటువంటి పనికి కీర్తి రాదు. ధనవ్యయం వృథా అనే విమర్శ మాత్రం వస్తుంది. అయినా ఆ పని మానలేదు. 1980ల ప్రారంభంలో ఒక వింత కనిపించింది. అంటార్కిటికాలో వసంతమాసమైన అక్టోబరులో, ఒకప్పుడు సగటున 300 డాబ్సన్ యూనిట్లు ఉండే ఓజోన్ ఏడాదికేడాది తగ్గుతూ 1984 నాటికి 200 దరిదాపులకు పడిపోయింది. పరికరం చెడిపోయిందేమోనని మరొక పరికరం తెప్పించారు. అదీ అదే చెప్పింది. జో ఫార్మన్, బ్రయాన్ గార్డినర్, జోనథన్ షాంక్లిన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 1985 మే నెలలో ఈ ఫలితాలను ప్రకటించారు. అంతకుముందే జపాన్ దేశపు స్యోవా కేంద్రంలో షిగేరు చుబాచి 1982లో అసాధారణంగా తక్కువ ఓజోన్‌ను గమనించాడు.

అప్పటికే అమెరికా వారి నింబస్-7 ఉపగ్రహం ఆకాశంనుంచి ఓజోన్‌ను కొలుస్తున్నది. అది పంపిన సమాచారంలోనూ ఈ క్షీణత ఉన్నది. అయితే అంత తక్కువ విలువలు అసంభవమని భావించి, వాటిని సందేహాస్పదమైనవిగా కంప్యూటర్ గుర్తు పెట్టింది. పునఃపరిశీలించగా నష్టం ఒక్క హేలీ బేకు పరిమితం కాదనీ, ఖండమంతటిపై వ్యాపించి ఉన్నదనీ తేలింది. ఆ విశాలమైన లోటుకే లోకం ఓజోన్ రంధ్రం అని పేరు పెట్టింది. నిజానికి అది రంధ్రం కాదు. వస్త్రం చిరిగిపోకపోయినా నేత పలుచబడి ఆవలి వెలుగు కనబడినట్లు, ఓజోన్ పలుచబడిన ప్రాంతం.

శాస్త్రజ్ఞులను కలవరపెట్టినది నష్టం మాత్రమే కాదు, అది జరుగుతున్న తీరు. లెక్కల ప్రకారం 40 కిలోమీటర్ల ఎత్తున జరుగవలసిన నష్టం 12 నుంచి 22 కిలోమీటర్ల మధ్య జరుగుతున్నది. దశాబ్దాలలో జరుగవలసినది కొన్ని వారాలలో జరుగుతున్నది. అదీ దక్షిణ ధ్రువంపైనే, వసంతంలోనే! క్లోరోఫ్లోరోకార్బన్‌లను వాడినది ప్రధానంగా ఉత్తరార్ధ గోళంలోని సంపన్న దేశాలు. మనుష్యులే లేని దక్షిణ ఖండంపై ఈ దండన ఎందుకు పడింది?

మూడు వాదాలు

ఈ ప్రశ్నకు మూడు సమాధానాలు వచ్చాయి. సూర్యుని చైతన్యం పెరిగిన సంవత్సరాలలో నైట్రోజన్ ఆక్సైడ్‌లు అధికంగా ఏర్పడి ఓజోన్‌ను హరిస్తున్నాయని ఒక వాదం. కింది పొరలలోని ఓజోన్ తక్కువగా ఉన్న గాలి పైకి లేచి, ఓజోన్ ఉన్న గాలిని పక్కకు నెడుతున్నదని, ఇది కేవలం గాలుల సంచారమని రెండో వాదం. మానవుడు విడుదల చేసిన క్లోరిన్, బ్రోమిన్ పదార్థాలే కారణమని మూడో వాదం. మొదటి రెండింటిలో ఏది నిజమైనా మానవుడు నిర్దోషి. మూడోదే నిజమైతే కోట్లాది రూపాయల పరిశ్రమ మూతపడవలసి ఉంటుంది. కనుక ఇది పండితుల మధ్య జరిగే వాగ్వివాదం మాత్రమే కాదు. లోకం తదుపరి ఏమి చేయాలన్నది దీని తీర్పుపై ఆధారపడి ఉంది.

మూడో వాదానికి ఒక పెద్ద చిక్కు ఉన్నది. గిడ్డంగులలో బందీగా ఉన్న క్లోరిన్ ఒక్కసారిగా ఎట్లా విడుదలయింది? 1986లో సూసన్ సాలమన్ అనే ముప్పయ్యేళ్ల రసాయన శాస్త్రవేత్త, మరి ముగ్గురు సహచరులతో కలసి దీనికి సమాధానం సూచించింది. అందరూ వాయువుకూ వాయువుకూ మధ్య జరిగే చర్యలనే లెక్కిస్తున్నారనీ, ధ్రువ మేఘాల ఘన ఉపరితలాన్ని మరచిపోయారనీ ఆమె వాదన సారాంశం. అంతకు కొద్ది సంవత్సరాల ముందే, 1978లో ప్రయోగించిన ఉపగ్రహ పరికరం సహాయంతో ఈ మేఘాలు అంటార్కిటికాపై ఎంత విస్తారంగా ఉన్నాయో తెలిసింది. మేఘాలు ఉన్న చోటు, ఓజోన్ లోపించిన చోటు ఒకటే.

మంచు రేణువులపై జరిగే చర్య

స్ట్రాటో ఆవరణం మహా శుష్కమైన ప్రదేశం. అక్కడ పది లక్షల అణువులలో నీటి అణువులు ఐదారుకు మించవు. అటువంటిచోట మేఘం ఏర్పడాలంటే భయంకరమైన చలి కావాలి. అంటార్కిటికాలో శీతకాలం వచ్చిందంటే నెలల తరబడి సూర్యదర్శనం ఉండదు. పైనున్న గాలి చల్లబడి కుంగుతుంది. ఖండం చుట్టూ పడమటి గాలులు ప్రచండ వేగంతో తిరుగుతూ ఒక పెద్ద సుడిని నిర్మిస్తాయి. దీనినే ధ్రువ సుడి అంటారు. కోటగోడ లోపలి వారిని బయటి లోకంనుంచి వేరుచేసినట్లు, ఈ సుడి లోపలి గాలిని బయటి వెచ్చని గాలితో కలవనీయదు.

ఉష్ణోగ్రత మైనస్ 78 డిగ్రీల సెల్సియస్ దాపుకు దిగగానే నత్రికామ్లం, నీరు కలసి స్ఫటికాలు కడతాయి. ప్రతి నత్రికామ్ల అణువుకూ మూడు నీటి అణువులు జతకూడిన స్ఫటికాలివి. గంధకామ్లం, నత్రికామ్లం, నీరు కలసిన అతిశీతల ద్రవ బిందువులూ ఏర్పడతాయి. మైనస్ 85 డిగ్రీల కిందికి పోతే శుద్ధమైన మంచు రేణువులే పుడతాయి. మనం మొదట చెప్పుకున్న ముత్యపుచిప్ప వన్నెలు ఎక్కువగా ఈ మంచు రేణువుల మేఘాలవే. వెంట్రుక మందంకన్న ఎన్నోరెట్లు చిన్నవైన రేణువులివి.

ఇక అసలు విషయం. హైడ్రోజన్ క్లోరైడ్, క్లోరిన్ నైట్రేట్ అనేవి క్లోరిన్‌కు రెండు గిడ్డంగులని చెప్పుకున్నాం. ఈ రెండూ వాయు రూపంలో ఎదురుపడినప్పుడు వాటి మధ్య చర్య దాదాపు జరగదు. కానీ హైడ్రోజన్ క్లోరైడ్ మంచు రేణువును అంటుకొని, దాని ఉపరితలంలో కలిసిపోతుంది. ఆపై వచ్చి తాకిన క్లోరిన్ నైట్రేట్ అక్కడ సిద్ధంగా ఉన్న హైడ్రోజన్ క్లోరైడ్‌తో వెంటనే చర్య జరుపుతుంది. దారిలో ఎదురైనా పలుకరించుకోని ఇద్దరు, సంతలో ఒకే అంగడి ముందు నిలిచినప్పుడు బేరానికి దిగినట్లే ఇది. ఆ బేరంలో రెండు పదార్థాలు పుడతాయి. ఒకటి క్లోరిన్ వాయువు. అది రేణువును విడిచి గాలిలోకి పోతుంది. రెండవది నత్రికామ్లం, అది రేణువులోనే ఉండిపోతుంది. వాయువులు ఘన పదార్థపు ఉపరితలంపై జరిపే ఇటువంటి చర్యలను విజాతీయ చర్యలంటారు. క్లోరిన్ నైట్రేట్ మంచులోని నీటితో చర్య జరిపి హైపోక్లోరస్ ఆమ్లాన్ని ఇవ్వడం, అది మళ్లీ హైడ్రోజన్ క్లోరైడ్‌తో కలసి క్లోరిన్‌ను విడుదల చేయడం కూడ ఈ కోవకు చెందినవే.

నత్రికామ్లం రేణువులో చిక్కుకుపోవడం పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది. నిజానికి దాని పర్యవసానం పెద్దది. క్లోరిన్ మోనాక్సైడ్‌ను మళ్లీ బంధించగలిగినది నైట్రోజన్ డయాక్సైడ్ అని చెప్పుకున్నాం. గాలిలోని నత్రజని సమ్మేళనాలు నత్రికామ్లంగా మారి రేణువులలోకి చేరిపోతే, బంధించే హస్తమే కరవవుతుంది. పైగా కొన్ని రేణువులు పెరిగి, బరువెక్కి, కిందికి జారిపోతాయి. వాటితోపాటు నత్రజని కూడ ఆ ఎత్తునుంచి శాశ్వతంగా తొలగిపోతుంది. చెరసాల తలుపులు తెరవడమే కాక, కావలివారిని కూడ ఊరు దాటించడం వంటిదిది.

తెర తొలగిన తరువాత

ఇంత జరిగినా శీతకాలపు చీకటిలో ఓజోన్‌కు పెద్దగా నష్టం కలుగదు. వీథినాటకంలో నటులందరూ తెర వెనుక వేషాలు కట్టుకొని సిద్ధంగా ఉన్నట్లు, క్లోరిన్ వాయువు సుడిలో వేచి ఉంటుంది. ఆగస్టు చివర, సెప్టెంబరు మాసాలలో సూర్యుడు మళ్లీ కనిపించడంతో తెర తొలగుతుంది. క్లోరిన్ అణువును చీల్చడానికి తీక్షణమైన కిరణాలు అవసరం లేదు. దిగంతంనుంచి ఏటవాలుగా వచ్చే మంద కాంతి చాలు. అణువు రెండు పరమాణువులుగా విడిపోయి ఓజోన్‌పై పడుతుంది.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. క్లోరిన్ మోనాక్సైడ్ తిరిగి క్లోరిన్‌గా మారాలంటే విడి ఆక్సిజన్ పరమాణువులు కావాలి కదా! 20 కిలోమీటర్లకు దిగువన అవి బహు స్వల్పం. ఈ చిక్కును 1987లో మారియో మొలీనా, లూయిసా మొలీనా విప్పారు. క్లోరిన్ మోనాక్సైడ్ సమృద్ధిగా ఉన్నప్పుడు ఒక అణువు మరొక అణువుతో జతకడుతుంది. చల్లని గాలిలో నిలిచే ఆ జంటను సూర్యకాంతి విడగొట్టినప్పుడు రెండు క్లోరిన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ అణువు వెలువడతాయి. విడి ఆక్సిజన్ పరమాణువుల అవసరమే లేకుండా చక్రం తిరుగుతూ ఉంటుంది. అగ్నిమాపక రసాయనాలనుంచి వచ్చే బ్రోమిన్ కూడ ఇందులో చేయి కలుపుతుంది. రోజుకు రెండుమూడు శాతం చొప్పున ఓజోన్ హరించుకుపోయి, అక్టోబరు ప్రారంభానికి 14 నుంచి 20 కిలోమీటర్ల మధ్య దాదాపు ఏమీ మిగలదు. నవంబరు, డిసెంబరు మాసాలలో సుడి విచ్ఛిన్నమై బయటి గాలి లోపలికి వచ్చిన తరువాతనే గండి పూడుతుంది.

చీకటి, చలి, మేఘం, వెలుగు – ఈ నాలుగూ ఒకదాని వెంట ఒకటి రావడంవల్లనే ఈ విపత్తు ధ్రువ వసంతంలో సంభవిస్తున్నది. క్లోరోఫ్లోరోకార్బన్‌లు ఎక్కడ విడుదలైనా గాలుల సంచారంతో లోకమంతటా కలిసిపోతాయి. ఉష్ణమండలంలో పైకి లేచే గాలి వాటిని స్ట్రాటో ఆవరణానికి చేర్చి, కొన్ని సంవత్సరాలలో ధ్రువాల వైపు నడిపిస్తుంది. ఉష్ణమండలపు ఈ గాలిని పరీక్షించడంలో మన హైదరాబాదుకు కూడ పాత్ర ఉన్నది. అక్కడి టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రంనుంచి 1980లలో భారతీయ, జర్మన్ శాస్త్రజ్ఞులు భారీ బెలూన్లను ఎగురవేసి, స్ట్రాటో ఆవరణపు గాలిని పాత్రలలో పట్టి తెచ్చి, అందులోని క్లోరోఫ్లోరోకార్బన్‌లను కొలిచారు.

ఆకాశంలో సాక్ష్యం

సిద్ధాంతం ఎంత చక్కనిదైనా సాక్ష్యం కావాలి. 1986 ఆగస్టులో సూసన్ సాలమన్ నాయకత్వంలో శాస్త్రజ్ఞుల బృందం అంటార్కిటికాలోని మెక్‌మర్డో కేంద్రానికి చేరింది. శీతకాలం ఇంకా ముగియని ఆ రోజులలో సాలమన్ చంద్రకాంతిని అద్దాలతో పరికరంలోకి మళ్లించి, ఆ కాంతిలో ఏ వన్నెలు లోపించాయో పరిశీలించింది. క్లోరిన్ డయాక్సైడ్ అంచనాలను ఎన్నోరెట్లు మించి ఉన్నట్లు తేలింది. క్లోరిన్ మేల్కొని ఉన్నదనడానికి అది తొలి నిదర్శనం.

మరుసటి ఏడు చిలీ దేశపు దక్షిణ కొసన ఉన్న పుంటా అరెనాస్ నగరంనుంచి ఇఆర్-2 అనే విమానాన్ని ప్రయోగించారు. ఒకే ఇంజను, ఒకే చోదకుడు. ఇరవై కిలోమీటర్ల దరిదాపు ఎత్తున, మంచు ఖండంపై ఎగరాలి. ఏ లోపం సంభవించినా ఆదుకొనే దిక్కు లేదు. జేమ్స్ ఆండర్సన్ రూపొందించిన పరికరం ఆ విమానంలో క్లోరిన్ మోనాక్సైడ్‌ను క్షణక్షణం కొలిచింది. 1987 సెప్టెంబరు 16న విమానం ధ్రువ సుడిలోకి ప్రవేశించగానే క్లోరిన్ మోనాక్సైడ్ ఒక్కసారిగా ఎగసింది. అదే చోట ఓజోన్ కుప్పకూలింది. ఒకటి ఎక్కడ పెరిగితే రెండవది అక్కడ తరిగింది. తక్కిన రెండు వాదాలూ అదే యాత్రలో వీగిపోయాయి. సుడి లోపల నైట్రోజన్ ఆక్సైడ్‌లు ఎక్కువగా కాదు, తక్కువగా ఉన్నాయి. కింది గాలి పైకి లేవడం కాదు, పై గాలి కిందికి దిగుతున్నదని ఇతర వాయువుల కొలతలు తెలిపాయి. నేరం మేఘానిది కాదు. మేఘం వేదిక మాత్రమే. మానవుడు పంపిన క్లోరిన్ లేకపోతే ఈ మేఘాలు వెనుకటివలెనే నిరపాయమైన అందాలుగా మిగిలి ఉండేవి.

మాంట్రియల్ ఒడంబడిక

అదే రోజున, 1987 సెప్టెంబరు 16న, కెనడాలోని మాంట్రియల్ నగరంలో 24 దేశాలు ఓజోన్ పొరకు హాని చేసే పదార్థాల ఉత్పత్తిని తగ్గించుకోవడానికి అంగీకరిస్తూ సంతకాలు చేశాయి. విమానం తెచ్చిన సాక్ష్యం అప్పటికి ఇంకా ప్రకటితం కాలేదు. నిస్సంశయమైన రుజువు దొరికేవరకు వేచి ఉండక, అప్పటికి తెలిసినంతలోనే దేశాలు ముందడుగు వేశాయి. రుజువు దృఢపడిన కొలదీ నిబంధనలను కఠినం చేశాయి. తొలుత సగానికి తగ్గించాలని అనుకున్న ఉత్పత్తిని పూర్తిగా నిలిపివేయాలని 1990లో లండన్ సమావేశం నిర్ణయించింది. ఈ పదార్థాలను అంతకాలం అనుభవించినది సంపన్న దేశాలు. కొత్త సాంకేతిక పరిజ్ఞానానికి మారే భారాన్ని పేద దేశాలు మోయలేవని భారతదేశం, చైనా వాదించాయి. ఫలితంగా ఒక సహాయనిధి ఏర్పడింది. భారతదేశం 1992లో ఒడంబడికలో చేరింది. 2008లో కొన్ని ఔషధ అవసరాలకు మినహా క్లోరోఫ్లోరోకార్బన్‌ల ఉత్పత్తిని నిలిపివేసింది. 2009 నాటికి ప్రపంచ దేశాలన్నీ ఈ ఒడంబడికను ఆమోదించాయి. సెప్టెంబరు 16ను అంతర్జాతీయ ఓజోన్ దినంగా 1995నుంచి జరుపుకుంటున్నారు. ఆ ఏడాదే క్రుట్జెన్, మొలీనా, రోలండ్‌లకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

రేపటి ఆకాశం

గాయం మానుతున్నది, కాని ఆలస్యంగా. 2000, 2006 సంవత్సరాలలో ఓజోన్ రంధ్రం మూడు కోట్ల చదరపు కిలోమీటర్లకు చేరువైంది. అది భారతదేశ వైశాల్యానికి ఎనిమిది రెట్లకు మించినది. 2016లో సాలమన్ బృందం అంటార్కిటికా ఓజోన్ కోలుకోవడం ప్రారంభమైందని ప్రకటించింది. ఒడంబడిక ఇట్లాగే అమలైతే అంటార్కిటికాపై ఓజోన్ 1980 నాటి స్థితికి 2066 ప్రాంతంలో చేరవచ్చునని 2022 నాటి అంతర్జాతీయ అంచనా. ఇప్పటికే విడుదలైన వాయువుల ఆయుర్దాయం దీర్ఘమైనది కనుక ఇంతకాలం పడుతుంది.

ఉత్తర ధ్రువంలోనూ ఈ మేఘాలు ఏర్పడతాయి. అయితే అక్కడి పర్వతాలు, ఖండాలు గాలులను కలవరపెట్టి సుడిని బలహీనపరుస్తాయి. చలి అంత తీవ్రంగా నిలువదు. అందుచేత నష్టం సాధారణంగా తక్కువ. కాని 2011, 2020 సంవత్సరాలలో సుడి గట్టిగా నిలిచినప్పుడు అక్కడ కూడ అసాధారణమైన ఓజోన్ నష్టం జరిగింది. బొగ్గుపులుసు వాయువు పెరిగితే నేల వేడెక్కుతుంది గాని, స్ట్రాటో ఆవరణం చల్లబడుతుంది. చల్లబడినకొద్దీ ఈ మేఘాలకు అవకాశం పెరుగుతుంది. 2019-20లో ఆస్ట్రేలియా కార్చిచ్చుల పొగ స్ట్రాటో ఆవరణాన్ని చేరినప్పుడు ఆ పొగ రేణువులు కూడ క్లోరిన్ చర్యలకు వేదికలయ్యాయని తరువాతి పరిశోధనలు తెలిపాయి. 2018లో, నిషేధించిన ఒక క్లోరోఫ్లోరోకార్బన్ ఎక్కడో మళ్లీ తయారవుతున్నదని గాలి కొలతలే బయటపెట్టాయి. కనుక కొలిచే కన్ను మూతపడరాదు.

హేలీ బేలో ఏటేటా అంకెలు రాసిపెట్టిన పరిశీలకుల ఓపిక లేకపోతే ఓజోన్ రంధ్రం మరికొంతకాలం అజ్ఞాతంగానే ఉండేది. అందరూ వాయువులనే చూస్తున్నప్పుడు మంచు రేణువును చూచిన దృష్టి లేకపోతే దాని కారణం తెలిసేది కాదు. కారణం తెలిసిన తరువాత స్వలాభాన్ని కొంత వదులుకొనే విజ్ఞత దేశాలకు లేకపోతే ఆ తెలివి నిరుపయోగమయ్యేది. ఓపిక, దృష్టి, విజ్ఞత – ఈ మూడూ కలిసినప్పుడు మానవుడు తాను చేసిన గాయాన్ని తానే మాన్పుకోగలడు. వాన కురియని ఆ మేఘాలు మనకు నేర్పిన పాఠం ఇదే.

అభ్యాసం

1. క్లోరోఫ్లోరోకార్బన్‌ల గుణమే దోషమైన తీరును వివరించండి.
2. ధ్రువ మేఘాల మంచు రేణువులపై జరిగే చర్యలను, వాటి ఫలితాలను వ్యాస రూపంలో రాయండి.
3. అంటార్కిటికాలో ఓజోన్ నష్టం వసంత ఋతువులోనే ఎందుకు జరుగుతుంది?
4. ఓజోన్ రంధ్రానికి సంబంధించిన మూడు వాదాలలో రెండు ఎట్లా వీగిపోయాయి?
5. 'నివురుగప్పిన నిప్పు' అనే జాతీయాన్ని ఈ పాఠంలో ఏ సందర్భంలో వాడారు? మీ సొంతవాక్యంలో ప్రయోగించండి.